ఎస్సై గారి పెళ్ళి క్యాసెట్టు

ఎస్సై అని విన్నాను నేను. మా మనవరాలు కెజియా ఫోను చేసి, "అమ్మమ్మా, మా కాలేజీలో ఎస్సే ఫిలిం తియ్యమన్నారు, తాతయ్య తీసిన పాత క్యాసెట్లు ఏమన్నా మిగిలున్నాయా?" అని అడిగింది. నా చెవిలో పడింది మాత్రం ఎస్సై ఫిలిం. సినిమా చదువు చదివే పిల్ల గదా, పోలీసు సినిమా తీస్తోంది కాబోలు అనుకున్నాను. కింద వాటాలో ఉండే నాగమణి గారికి ఆ సాయంత్రమే చెప్పాను కూడా.

"హీరో ఎవరంటండీ?" అని అడిగింది ఆవిడ.

"హీరో సంగతి తెలీదమ్మా. ఎస్సై మటుకు ఉన్నాడు."

"ఎస్సై ఉంటే లాఠీలూ జీపులూ కావాలి గదండీ. పిల్లది ఒక్కతే ఎట్టా తెచ్చుకుంటది?" అని ఆవిడ నిజంగానే దిగులు పడింది. "మా తమ్ముడి తోడల్లుడు హోంగార్డు. డ్రెస్సు అడగమంటారా?"

ఆ మాటమీదే నాకు గుర్తొచ్చింది, మేము ఒకప్పుడు ఒక ఎస్సై గారి పెళ్ళి తీశామని. పిల్ల అడిగింది ఆ క్యాసెట్టే అయ్యుంటుందని స్టూలు వేసుకుని అటక మీద నుంచి రేకు పెట్టె దింపాను. ఈ వయసులో స్టూలు ఎక్కినందుకు మా అమ్మాయి తర్వాత ఫోనులో తిట్టింది, అది వేరే సంగతి. పెట్టె మూత తియ్యగానే కలరా ఉండల వాసన, దాని కింద బూజు వాసన, దాని కింద ఇంకో వాసన ఉంది, దానికి పేరు నాకు తెలియదు. కొత్త క్యాసెట్టు పై కాగితం చించినప్పుడు వచ్చే ప్లాస్టిక్కు వాసన ముసలిదైపోతే అట్టా ఉంటుందేమో. పెళ్ళివాళ్ళు వచ్చి తీసుకెళ్ళనివి, సగంలో పాడైనవి, మా ఆయన మళ్ళీ వాడుకుందామని దాచినవి అందులో ఉన్నాయి. ఒక్కోదాని మీద ఆయన రాసి అంటించిన కాగితం ముక్క. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. బైబిలు చదువుతాను, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ. ఆయన రాత గొలుసుకట్టు, నాకు అంతుపట్టదు. ఒక్కదాని మీద మటుకు రెండే అక్షరాలు, పెద్దవిగా, స్కెచ్ పెన్నుతో ఉన్నాయి. ఎ. స్సై. వేలు పెట్టి చదివాను. దాన్ని కొంగుతో తుడిచి అన్నిటికంటే పైన పెట్టాను.

కెజియా ఎవరి దగ్గరో పాత వీసీఆర్ సంపాదించి, సంచిలో వేసుకుని వచ్చింది. నేను ఆ క్యాసెట్టు చేతిలో పెట్టి సంగతి చెబితే గచ్చు మీద కూర్చుండిపోయి నవ్వింది. "ఎస్సై కాదమ్మమ్మా, ఎస్సే. వ్యాసం. బళ్ళో రాస్తారే, అది."

"ఆవు మీద రాసేదా? ఆవుని తీస్తావా మరి?"

"ఆవుని కాదు. ఎట్టా చెప్పాలి నీకు? ఇందులో కథ ఉండదు. హీరో హీరోయిను ఉండరు. ఒక విషయం గురించి మనకేం అనిపిస్తందో, మనకేం తెలీట్లేదో, బొమ్మలు చూపిస్తా పైనించి మాట్లాడతాం."

"పైనించి ఎవరు మాట్లాడతారు?"

"తీసేవాళ్ళే. కనపడకుండా."

"చర్చిలో లేచి, దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పినట్టన్నమాట."

"దాదాపు అంతే. చివర్లో హల్లెలూయా ఉండదు."

వాళ్ళ చదువు ఎట్టా ఉంటుందో కూడా చెప్పింది. తరగతిలో తలుపులేసి ఇట్టాంటి సినిమాలు వేస్తారట, తర్వాత కూర్చుని వాదించుకుంటారట. ఒకాయన తన కిటికీలోంచి కనపడే గోడని తీసి, గంటసేపు మాట్లాడాడట. గోడ గురించి గంటసేపు మాట్లాడటానికి ఏముంటుంది అన్నాను. "గోడ గురించి కాదమ్మమ్మా, గోడని చూస్తా వాళ్ళ నాన్న గురించి," అంది. నాకు అది వెంటనే అర్థమైంది. ఎందుకు అర్థమైందో ఆ పిల్లకి చెప్పలేదు. నేను రోజూ చేసే పని అదే, గోడలు చూసుకుంటూ కూర్చోవడం. పటమటలో ఈ మేడ మీద వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. అమ్మాయి, అల్లుడు కొండపల్లి దగ్గర, థర్మల్ కరెంటు కేంద్రం క్వార్టర్సులో. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి అమ్మాయి ఫోను చేస్తుంది. ఆ రెండు ఫోన్ల మధ్య గోడే.

కెజియా తీయబోయే దానికి ఒక ప్రశ్న ఉండాలన్నారట వాళ్ళ సారు. ఆ పిల్ల ప్రశ్న వాళ్ళ తాతయ్య. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీసిన మనిషి ఏ పెళ్ళిలోనూ కనపడడే, ఎక్కడున్నాడు, అని. ఆ పిల్ల పుట్టకముందే ఆయన పోయాడు. స్కూటరు పక్కన ఆపి, గుండె పట్టుకుని కూర్చుని, అట్టాగే ఒరిగిపోయాడు. అప్పటికి మా అమ్మాయి పదో తరగతి. మొహం కావాలంటే నా దగ్గర పెళ్ళి ఫోటో ఉంది. నాకు కావలసింది మొహం కాదు. ఆయన గొంతు నాకు జ్ఞాపకం లేకుండా పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకరోజు అంట్లు తోముతూ, "దయా" అని ఎట్టా పిలిచేవాడు అని మనసులో అనుకుని చూస్తే, నా గొంతుతోనే వినపడింది. ఆ రోజు నుంచి ఎన్ని విధాల ప్రయత్నించినా నా గొంతే. ఈ సంగతి ఎవరికి చెప్పుకుంటాం? చెబితే వయసు మీద పడిందంటారు.

మా ఆయన పేరు రత్నరాజు. నన్ను చేసుకునేనాటికి ఫోటో స్టూడియోలో పని, తర్వాత వీడియోలొచ్చాక భుజాన పెట్టుకునే పెద్ద కెమెరా ఒకటి తెచ్చుకున్నాడు. అప్పట్లో మేము ఇదే పటమటలో, కాలవకి దగ్గరగా, పెంకుటింట్లో ఒక వాటాలో ఉండేవాళ్ళం. నేను, ఆయన, మా అత్తగారు, బడికెళ్ళే మా అమ్మాయి. ఆ ఇంట్లో కెమెరా మా అందరికంటే సుఖంగా బతికింది. ఈ కాలవల దేశంలో గాలిలోనే తడి ఉంటుంది గదా, కెమెరా ముందుండే అద్దానికి బూజు పడుతుందని ఎవరో చెప్పారు. దాంతో ఆ అద్దాన్ని ఊడదీసి గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి, బియ్యం డబ్బాలో పాతిపెట్టేవాడు. పొద్దున్నే మా అత్తగారు సోల పెట్టి బియ్యం తియ్యబోతే అది తగిలేది. "అబ్బాయ్, నీ కన్ను తీసుకోరా, ఎసరు మరుగుతంది," అనేది. ఆవిడ మిషను వాళ్ళ బైబిలు స్త్రీగా కాలవ గట్ల మీద నడిచి ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. తెల్లవారుజామున లేచి గట్టిగా ప్రార్థన చేసేది. ముందు రోగులకి, తర్వాత చుట్టాలకి, తర్వాత మా కెమెరాకి, ఆఖర్న కరెంటుకి. "ప్రభువా, ఈ పూట ముహూర్తం దాకా కరెంటుని నిలబెట్టు తండ్రీ" అని ఆవిడ మోకాళ్ళ మీద నుంచి అడుగుతుంటే నేను పొయ్యి దగ్గర నవ్వు ఆపుకునేదాన్ని. ఇంట్లో ఆయన క్యాసెట్లు వేసి చూసుకుంటుంటే ఆవిడ వక్క నములుతూ ముందు కూర్చునేది. ఎవరి పెళ్ళో, ఎవరి కూతురో తెలియదు, అప్పగింతలు రాగానే ముక్కు చీదుకునేది. ఆయన వెనక్కి తిప్పితే మళ్ళీ అప్పగింతలు, మళ్ళీ ఏడుపు. "అమ్మా, ఇందాకే గదే ఏడ్చావ్" అంటే, "అది ఇందాకటి ఏడుపురా" అనేది.

నేను ఆ పనిలోకి ఎట్టా వచ్చానంటే, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి లైటు పట్టుకునే మగవాడు వస్తే ఆడవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. అత్తగారే అంది, "దయామణిని తీసుకెళ్ళు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తది." అట్టా మొదలుపెట్టి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, అవనిగడ్డ దాకా స్కూటరు మీద తిరిగాను. ముందు కాళ్ళ దగ్గర కెమెరా పెట్టె, వెనక నేను, నా ఒళ్ళో లైటు, చంకన వైరు చుట్ట. చెరుకు ఆడే రోజుల్లో ఉయ్యూరు దాటుతుంటే పాకం మాడిన వాసన చీరలకి పట్టుకుని పెళ్ళిదాకా వచ్చేది. ఆ లైటు ఇప్పటి లైట్ల లాంటిది కాదు. వేస్తే పొయ్యి ముందు నిలబడినట్టే. పురుగులు వచ్చి పడి కమిలిపోయేవి, పెళ్ళికూతురు తల్లో మల్లెలు చూస్తుండగానే వడిలిపోయేవి, పురోహితుడు చెమట తుడుచుకుంటూ "అమ్మాయ్, కొంచెం అటు తిప్పు తల్లీ, నేను పెళ్ళికొడుకుని కాదు" అనేవాడు. మా చర్చి పెళ్ళిళ్ళలో పాస్టరు గారు ఆ వేడికి ప్రసంగం తగ్గించేవారని మా ఆయన అనేవాడు.

బల్బు తొందరగా కాలిపోతుందని అస్తమానం వేసి ఉంచేవాళ్ళం కాదు. వైరు మధ్యలో ఒక స్విచ్చి ఉండేది, అది నా చేతిలో. ఆయన ఎక్కడో జనంలో ఉండి, కంటికి కెమెరా పెట్టుకుని, "దయా" అనేవాడు. నేను టిక్కుమని వేసేదాన్ని. మళ్ళీ "దయా" అంటే టిక్కుమని తీసేసేదాన్ని. పెళ్ళిళ్ళలో నా పేరంటే స్విచ్చే. నేను మాత్రం నోరు తెరవకూడదు, కెమెరాకి ఉండే మైకు అన్నీ పట్టేస్తుంది. నాకు అది కష్టమేమీ కాలేదు. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురు. చర్చిలో పాటల జట్టులో చేరితే వెనక వరసలో నిలబెట్టి, పెదాలు కదిపితే చాలమ్మా అన్నారు. సాక్ష్యాల రోజున అందరూ లేచి చెప్పినా నేను లేవలేదు. కొత్తలో ఒక పెళ్ళిలో "జరగండమ్మా" అని అంటే, వెనక నుంచి ఎవరో ఆడమనిషి "ఎవరయ్యా నువ్వు తోస్తన్నావ్" అని కసురుకుంది. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. స్కూటరు మీద వస్తుంటే, "నీకు చెప్పాల్సిందేమన్నా ఉంటే స్విచ్చి నొక్కు, నాకు వినపడుద్ది," అన్నాడు. అట్టా అలవాటైంది. ఆయన పిలిస్తే వేస్తాను. ఉన్నానని చెప్పాలంటే వేసి తీసేస్తాను, టిక్కు టిక్కు. అన్నం తిన్నావా అని దూరం నుంచి చేత్తో అడిగితే కూడా టిక్కు టిక్కు. అంత జనంలో మేమిద్దరం మాట్లాడుకుంటున్నామని ఎవరికీ తెలిసేది కాదు.

ఒక్కసారి కెమెరా నేనే పట్టాను. వన్ టౌన్‌లో ఒక సాయిబుల ఇంట్లో నిఖా. ఆడవాళ్ళ వైపు ఆడమనిషే తియ్యాలన్నారు. ఆయన నాకు కెమెరా భుజాన ఎత్తి, ఎర్ర చుక్క వెలిగితే తీస్తున్నట్టు, అంతే, అని చెప్పి గుమ్మం బయట పరదా అవతల నిలబడ్డాడు. లోపల అత్తరు, గోరింటాకు, దమ్ము బిర్యానీ ఆవిరి. ఆ బరువుకి నా భుజం వంగిపోయి, తీసిందంతా కాళ్ళే. గోరింటాకు పెట్టిన కాళ్ళు, పట్టీల కాళ్ళు, ముసలావిడ పగిలిన మడమలు, పాకే పిల్లవాడు. ఇంటివాళ్ళు ఏమంటారో అని భయపడ్డాను. ఆ ఇంటి పెద్దావిడ చూసి, "మొహాలు అందరూ తీస్తారు బేటీ" అని ఊరుకుంది. ఆ క్యాసెట్టు ముక్క చూసి కెజియా, "అమ్మమ్మా, ఇది మా సారు చూస్తే పడిపోతాడు" అంది. ఎందుకు పడిపోవాలో నాకు తెలియదు. భుజం నొప్పి వల్ల వచ్చింది అది.

ఇంక అసలు సంగతి. తీసిందంతా గవర్నర్‌పేటలో మిక్సింగు షాపుకి వెళ్ళేది. అక్కడ సినిమా పాటలు కలిపేవాళ్ళు. పెళ్ళికూతురు రావడానికి ఒక పాట, తాళికి సన్నాయి, అప్పగింతలకి ఏడుపు పాట. పాట పెట్టాలంటే కింద ఉన్న మాటలు చంపెయ్యాలి. వాళ్ళు అట్టాగే అనేవాళ్ళు, సౌండు చంపెయ్యమంటారా అని. మా ఆయనే చంపమనేవాడు. పెళ్ళివాళ్ళు క్యాసెట్టు వేసుకుంటే మధ్యలో "దయా, దయా" అని వినపడితే ఎవరీ దయ అనుకుంటారు గదా. అట్టా ఒక్కో పెళ్ళిలోంచీ తన గొంతు తనే తీయించుకున్నాడు. అసలు క్యాసెట్ల మీద మళ్ళీ వేరే పెళ్ళి తీసేవాడు. అప్పుడు అది మంచి పనితనం. కెజియా ఒక్కో క్యాసెట్టూ వీసీఆర్‌లో వేస్తుంటే, ఇందులో ఉంటుంది, ఇందులో ఉంటుంది అని నేను కొంగు నలుపుకుంటూ కూర్చున్నాను. అన్నిట్లోనూ పాటలే. ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో పాటలు. ఒక మూల గోడ మీద నా చెయ్యి నీడ, లైటు పట్టుకుని, ఒకసారి కనపడింది. ఆయన నీడ కూడా లేదు.

కెజియా చూడాల్సినవి చాలా ఉన్నాయని గబగబా ముందుకి పరిగెత్తించి చూసేది. అట్టా పరిగెత్తిస్తే బొమ్మ వస్తుంది గానీ మాట రాదు. ఎస్సై క్యాసెట్టు వేసింది. మొదటి నుంచీ నలుపే. కాసేపు పరిగెత్తించి, "ఇది బ్లాంక్ అమ్మమ్మా. నీ ఎస్సై డ్యూటీకి రాలేదు," అని పక్కన పడేసింది. తర్వాత రెండు వారాలు కష్టపడి ఏదో కూర్చింది. పైనించి మాట్లాడే మాటలు తనే రాసుకుని తనే చదివింది. నాకు వినిపించింది. మంచి మాటలే, జ్ఞాపకం అంటే ఏంటి, కనిపించకపోవడం అంటే ఏంటి, అని. రేడియోలో వార్తలు చదివే అమ్మాయిలా ఉంది. వాళ్ళ సారు బొమ్మలు బాగున్నాయి గానీ గొంతు ఎవరి దగ్గరో అప్పు తెచ్చుకున్నట్టుందన్నాడట. మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. "నువ్వు మాట్లాడు అమ్మమ్మా," అని నా ముందు మైకు పెట్టింది.

"నా గొంతు నీకు తెలుసుగా. తలుపు గీసుకున్నట్టు ఉంటది."

"అదే కావాలి."

"వినేవాళ్ళు తాతయ్య మాట్లాడుతున్నాడనుకుంటారు," అన్నాను. నవ్వుదామని అన్నాను. ఇద్దరం నవ్వలేదు.

మైకు ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు మాట రాలేదు. ఏం చెప్పాలి? పెళ్ళిళ్ళు తీసేవాళ్ళం, వచ్చేవాళ్ళం, తినేవాళ్ళం. పిల్ల విసుక్కోకుండా మైకు మడిచి, వీసీఆర్ ఇక్కడే ఉంచి, హాస్టలుకి వెళ్ళిపోయింది. ఇల్లు మళ్ళీ మామూలైంది. మనిషి వచ్చి వెళ్ళాక ఇల్లు ఉన్నదానికంటే పెద్దదవుతుంది. తాగిన గ్లాసు కడగబుద్ధి కాదు. మర్నాడు మధ్యాహ్నం బెండకాయలు కడిగి తుడుచుకుని, ఊరికే కూర్చోలేక ఆ మిషనులో క్యాసెట్టు వేసుకున్నాను. పెట్టడం, తియ్యడం వరకే నాకు వచ్చు, పరిగెత్తించడం రాదు. ఏది ఏదో చదవలేను. చదవగలిగింది ఒకటే, అదే వేశాను. నలుపు వచ్చింది. బ్లాంక్ అని తెలుసు. తీసి ఇంకోటి వెయ్యాలంటే లేవాలి, ఒళ్ళో పళ్ళెం ఉంది. పోనీలే అని ఆ నలుపుని చూస్తూ బెండకాయలు తరుగుతున్నాను.

ముందు గోలగా వినపడింది. వర్షం రేకుల మీద పడుతున్నట్టు, పిల్లలు ఏడుస్తున్నట్టు. "పెట్రోమాక్సు తెండిరా" అని ఒక ముసలాయన అరిచాడు. ఇంకెవరో, "ఎస్సై గారి పెళ్ళికే కరెంటు తీశాడంటే ఆ లైనుమేనుకి ఎన్ని గుండెలు" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వులోంచి, నా చెవి పక్కనే, చాలా దగ్గరగా,

"దయా."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. వెంటనే టిక్కు టిక్కు. నేను నొక్కానేమో అని చేతులు చూసుకున్నాను. చేతిలో బెండకాయ ఉంది.

"దయా, ఆ కాళ్ళ దగ్గర వైరు చూసుకో. లైటు ముట్టుకోమాక, కాలుద్ది." టిక్కు టిక్కు. "అక్కడే ఉండు. వస్తన్నా."

అంతే. తర్వాత కర్రుమని తెర నిండా తెల్ల గింజలు వచ్చాయి.

కెమెరా బ్యాటరీ మీద నడిచేది, లైటు కరెంటు మీద. కూచిపూడి అవతల ఒక ఊళ్ళో, వానాకాలం, దీపాలు పెట్టే వేళ, చుట్టూ పరదాలు దించిన రేకుల పందిట్లో కొత్త క్యాసెట్టు పెట్టి కెమెరా మీట నొక్కడం, కరెంటు పోవడం ఒక్కసారే అయ్యాయి. ఆయన తడబాటులో కెమెరా ఆపలేదు. జనరేటరు వచ్చాక వేరే క్యాసెట్టు పెట్టి పెళ్ళంతా తీసి, ఇది చీకటిదని మళ్ళీ వాడుకోవడానికి ఇంటికి తెచ్చి, పైన ఎస్సై అని రాశాడు. ఏ మిక్సింగు షాపుకీ పోలేదు గనక ఎవరూ చంపలేదు. ఆయన గొంతు నేను అనుకుంటూ వచ్చిన గొంతు కాదు. సన్నగా ఉంది. కొంచెం జలుబు చేసినట్టుంది. కుర్రవాడి గొంతు. నేను ఇన్నేళ్ళూ నాతోపాటు ఆయన్ని కూడా ముసలివాణ్ణి చేసి వెతుక్కుంటున్నాను, అందుకే దొరకలేదు.

మళ్ళీ వినాలంటే వెనక్కి తిప్పడం రాదు. కింద నాగమణి గారిని పిలిచాను. ఆవిడ వచ్చి అన్ని మీటలూ నొక్కి, ఏదో పట్టుకుంది. ఇద్దరం విన్నాం. "ఎవరండీ ఆ అబ్బాయి?" అంది. మా ఆయన అని చెబితే, ఆవిడ పమిట సర్దుకుని తిన్నగా కూర్చుంది, ఇంట్లోకి మగమనిషి వచ్చినట్టు.

నేను ఫోను చేస్తే కెజియా ఆ సాయంత్రమే ఆటో ఎక్కి వచ్చింది. చెవులకి ఆ పెద్ద డిప్పలు పెట్టుకుని విన్నది, కళ్ళు మూసుకుని. వాళ్ళ తాతయ్య గొంతు ఆ పిల్ల వినడం అదే మొదలు. "ఆ టిక్కు టిక్కు క్యాసెట్టు పాడవటం వల్ల వచ్చిందా? తీసేస్తాలే, క్లీన్ చెయ్యొచ్చు," అంది. వద్దన్నాను. అదేంటో చెప్పాను. చెప్పడం మొదలుపెడితే అత్తగారు, బియ్యంలో కన్ను, సాయిబుల ఇంట్లో కాళ్ళు, అన్నీ వచ్చాయి. మైకు ఎప్పుడు పెట్టిందో చూసుకోలేదు. నేను మాట్లాడిందే తన ఎస్సేలో పెట్టింది, నా బొంగురు గొంతుతోనే. ఆఖర్న ఆ నలుపు. అక్కడ నేను ఏం చెబుతానని అడిగింది.

"ఏమీ చెప్పను. ఆయన పిలిచాడు, నేను పలికాను. వినపడతానే ఉందిగా."

"తర్వాత ఏమైంది అమ్మమ్మా? వచ్చాడా?"

"వస్తానన్నాక రాడా," అని వంటింట్లోకి వెళ్ళాను. వచ్చాడు. చీకట్లో జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ముందు లైటు మీద చెయ్యి పెట్టి వేడి చూసి, తర్వాత నా చెయ్యి వెతికి, అందులో మైసూరు పాకు ముక్క పెట్టాడు. ఆకలేస్తోందని నేను అనలేదు. కరెంటు వచ్చేలోపు తినెయ్యమన్నాడు. నేను తిన్నాను, ఆయన నా పక్కన నిలబడ్డాడు, అంతే. అది ఏ క్యాసెట్టులోనూ లేదు, ఎస్సేలో పెట్టనివ్వలేదు. ఇప్పుడు నేను చెబుతుంటే కెజియాయే రాస్తోంది గనక, ఆ పిల్లకి ఇది ఇప్పుడే తెలుస్తోంది.

ఇప్పుడు మా వాటాలో ఇన్వర్టరు ఉంది. అల్లుడు పెట్టించాడు, కరెంటు తయారుచేసే మనిషి గదా, అత్తగారు చీకట్లో ఉంటే నామోషీ. కరెంటు పోయినా ఫ్యాను ఆగదు. పోయిందని కూడా తెలియదు. ఇప్పటి పెళ్ళిళ్ళు చూస్తున్నాను, పైన ఎగిరే కెమెరాలు, వేడి లేని లైట్లు, చెవుల్లో ఏవో పెట్టుకుని మెల్లగా మాట్లాడుకునే కుర్రాళ్ళు. పువ్వులు వడలవు. మంచిదే. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి కేకెయ్యనక్కర్లేదు.

కాలేజీలో ఆ ఎస్సే ఫిలిం వేసిన రోజు అల్లుడికి షిఫ్టు, అమ్మాయికి జ్వరం. నేనొక్కదాన్నే వెళ్ళాను. హాలు నిండా పిల్లలు. నా గొంతు ఆ పెద్ద బాక్సుల్లోంచి వస్తుంటే ముందు సిగ్గుతో తల వంచుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ నిఖా ఇంటి కాళ్ళు వచ్చినప్పుడు కొంతమంది ముందుకి వంగి చూశారు. ఆఖర్న తెర నల్లగా అయింది. వెనక ఎవడో, "సార్, కరెంటు పోయింది," అన్నాడు. ఒకడు ఫోనులో లైటు కూడా వేశాడు. ఇంకొకళ్ళు ఆర్పమని కసిరారు. అప్పుడు ఆయన పిలిచాడు. హాలంత గొంతుతో పిలిచాడు. నేను జవాబిచ్చాను. వైరు చూసుకోమన్నాడు. అక్కడే ఉండు, వస్తన్నా అన్నాడు. అయిపోయింది.

లైట్లు వేశారు. చప్పట్లు. అందరూ ఒక్కసారే లేచారు, కుర్చీల చప్పుడు, నవ్వులు. కెజియా చుట్టూ పిల్లలు మూగారు. వాళ్ళ సారు ఏదో చెబుతున్నాడు, ఆ పిల్ల తల ఊపుతోంది. నా ముందు నుంచి, పక్క నుంచి జనం వెళ్ళిపోతున్నారు. నేను లేవలేదు. కాసేపటికి కెజియా జనం మీదుగా మునివేళ్ళ మీద లేచి నా కోసం చూసింది. కనపడ్డాను.

"అమ్మమ్మా, అక్కడే ఉండు. వస్తన్నా."

తనేమన్నదో ఆ పిల్లకి అప్పుడు తెలియదు. మళ్ళీ వాళ్ళ సారు వైపు తిరిగిపోయింది. నా చేతిలో ఏమీ లేదు. బొటనవేలు మటుకు రెండుసార్లు నొక్కుకుంది.